రెక్కలు లేని తామరపురుగు

మన యిండ్లలో పురుగు కనబడెనా, దానికి గతులు రెండే. చీపురుతో ఊడ్చివేయుట యొకటి. సలసల కాగిన నీళ్లు పోయుట రెండవది. అది యే జాతిది, ఏమి తిని బ్రదుకుచున్నది, దానివలన మనకు మేలా కీడా యని విచారించు తీరిక గృహిణికి ఎక్కడిది? మేమును పదునైదేండ్లు ఆ తీరుననే సంసారము చేసితిమి. అయితే 2022వ సంవత్సరము శ్రావణమాసమున మా పెరటిలోని ఒక ఎండుకొమ్మ మాచేత ఆ విచారణ చేయించినది. దానివలన ఒక ఆకులపోగు కాలిపోకుండ నిలిచినది. మా కుటుంబమున ఒకరి భయము కొంత తగ్గినది. ఆ వృత్తాంతమును సోదరీమణులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

మా కాపురము కొత్తగూడెములో. ఈ ఊరు సింగరేణి బొగ్గుగనులకు పెట్టినది పేరు. కాని ఊరు దాటి కిన్నెరసాని దిక్కునకు పోయినచో టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు దట్టముగా పెరిగిన అడవి కానవచ్చును. వానకాలమున ఆ అడవినేల అడుగు వేసినచోటనెల్ల మెత్తగా క్రుంగును. ఆకుమీద ఆకు రాలి, క్రింది ఆకు క్రుళ్లి, దానిపై తెల్లని బూజుదారములు సాలెగూటివలె అల్లుకొని యుండును. అట్టి అడవినేలను మావారు మా పెరటిమూలకు కొంచెము తెచ్చిరనవచ్చును. ఆయన బడిపంతులు. పెరటిలో రాలిన మామిడాకులు, టేకాకులు, విరిగిపడిన కొమ్మలు ఒకచోట పోగుచేయించుట ఆయనకు అలవాటు. రెండేండ్లలో అది నల్లని యెరువై మా గుమ్మడిపాదులకును మల్లెలకును పనికివచ్చును.

ఆ యేడు జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించినది. బూర్గంపాడు దిక్కున ఏటియొడ్డున మా చిన్నమరిదికి మూడెకరముల పొలము కలదు. వరదనీటికి అతని మిరపనారుమడి కొట్టుకొనిపోయినది. మరల విత్తనము కొని, మా పెరటిలో నీటివసతి యున్నదని అక్కడనే నారు పోసెను. అంతకు ముందటి యేడే అతని తోట నల్లతామరపురుగు పాలయినది. నిండుపూతతో నున్న తోట చూచుచుండగనే పూవు రాలి, ఆకు ముడుచుకొని, కాయ గిడసబారి మోడుపోయినది. ఒకరు చెప్పిన మందు ఒకమారు, మఱియొకరు చెప్పిన మందు మఱియొకమారు చల్లెను. పురుగు తగ్గలేదు, అప్పు పెరిగినది. ఆ మందుల వెలకు మా చేతిగాజులు నాలుగు తాకట్టునకు పోయినవి. ఇచ్చినందుకు మేము చింతింపలేదు గాని, మా ముఖము చూచినప్పుడెల్ల అతని చూపు మా ముంజేతులమీదికి పోవుచుండుట మాకు కష్టముగా నుండెను.

శ్రావణశుక్రవారమునాడు తోరణమునకు మామిడాకులు కోయబోయిన మా చిన్నవాడు పోగుమీది ఎండుకొమ్మ నొకదానిని ఎత్తి తెచ్చి, “అమ్మా, చీమకంటే చిన్న నల్లపురుగులు చూడు” అనెను. మరిది ఆ కొమ్మను చేత బుచ్చుకొని చూచెను. ముఖము వాడిపోయినది. “వదినా, ఇది తామరపురుగే. నారుమడి పక్కనే ఇంత గూడు పెట్టుకున్నాం. ఈ పోగు ఇప్పుడే తగలబెట్టాలి” అని అగ్గిపెట్టెకై వంటయింటివైపు నడచెను.

“శుక్రవారంపూట పెరట్లో మంటలెందుకు నాయనా, అన్నయ్యను బడినుండి రానీ” అని యాపితిమి. నిజమునకు మమ్ము ఆపినది శుక్రవారము కాదు. మా నాయనగారు చిన్ననాడు మాచేత ఆదిపర్వము చదివించిరి. అందు జనమేజయుడు చేసిన సర్పయాగము మాకు జ్ఞప్తికి వచ్చినది. అతని తండ్రిని కఱచినది తక్షకుడొక్కడు. హోమగుండమున పడి మాడినవి లెక్కలేనన్ని పాములు. ఆస్తీకుడు వచ్చి యాపెను గాని, ఆపువఱకు మాడినవానిలో నేరము చేయనివి యెన్నియో! ఆ కథ విన్న చెవులతో “తామరపురుగే” యన్న మాట విని, “ఏ తామరపురుగు?” అని అడుగకుండ ఉండలేకపోయితిమి.

తామరపురుగు అనగా తామరపూవులో పుట్టినది కాదు. రైతులు ఆ పేరుతో పిలుచు సన్నని పురుగుల నన్నిటిని ఆంగ్లేయభాషలో థ్రిప్స్ అందురు. అది గ్రీకుమాట, కొయ్యపురుగని అర్థము. ఒక్కటైనను థ్రిప్సే, వేయియైనను థ్రిప్సే. స్వీడను దేశీయుడైన డి గీరు 1744లో ఈ పురుగులను మొదట వర్ణించెను. అదే దేశపు లిన్నేయసు 1758లో థ్రిప్స్ అను పేరును శాస్త్రమున స్థిరపఱచెను. ఐర్లండు దేశస్థుడు హాలిడే 1836లో వీనికి ప్రత్యేకముగా ఒక గణము నేర్పఱచి థైసనోప్టెరా అని పేరిడెను. కుచ్చురెక్కలవి యని దాని భావము. ఈ పురుగు రెక్క పుల్లవలె సన్నగా నుండి, అంచులవెంట చీరకొంగు కుచ్చులవలె పొడవైన వెండ్రుకలు కలిగియుండును. లోకమున నింతవఱకు ఆఱువేలకు పైగా జాతులు వర్ణింపబడినవి. మన దేశమున ఏడువందలకు పైగా కలవు.

మిరపతోటలకు చేటు తెచ్చునవి వీనిలో కొన్ని మాత్రమే. ఆకు పైకి దోనెవలె ముడుచుకొన్నచో పైముడత యందురు. అది చాలకాలముగా మన దేశమున నున్న ఒక తామరపురుగు పని. ఆకు క్రిందికి ముడుచుకొన్నచో అది నల్లి పని. ఇక నల్లతామరపురుగు ఆగ్నేయాసియానుండి వచ్చిన పరదేశి. శాస్త్రనామము థ్రిప్స్ పార్విస్పైనస్. మన దేశమున 2015లో బెంగళూరులో బొప్పాయిచెట్లమీద దీనిని గుర్తించిరి. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల మిరపతోటలను ఇది ముంచివేసినది. గుంటూరును ఖమ్మమును దానిపేరు వినని మిరపరైతు లేడు. ఇది పూవులలో గుంపులుగా చేరి రసము పీల్చును, ఆకులను గోకును, రెక్కలు కలది కావున చేనినుండి చేనికి గాలితో పోగలదు.

సాయంకాలము మావారు బడినుండి వచ్చి సంగతి విని, మరునాడు బడిలోని పాత సూక్ష్మదర్శనిని అడిగి తెచ్చిరి. కొమ్మను తెల్లని గుడ్డపై కొట్టగా నాలుగైదు నలుసులు రాలినవి. ఒక్కొక్కటి నువ్వుగింజలో సగము. నలుపు కలిసిన గోధుమవన్నె. మేము వంగి చూచితిమి. మొదట మాకు తెలిసినది రెక్కలు లేకపోవుట. రెండవది పొట్టచివర సన్నని గొట్టము. “పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు” అన్నట్లు, కుచ్చురెక్కల గణములో పుట్టి దీనికి కుచ్చులును లేవు, రెక్కలును లేవు.

ఆ గొట్టమే మాకు మొదటి ఆధారమైనది. తామరపురుగులలో రెండు పెద్దశాఖలు కలవు. ఒక శాఖలోని ఆడుపురుగునకు పొట్టచివర ఱంపమువంటి పనిముట్టుండును. దానితో లేతాకును కోసి లోపల గ్రుడ్డు పెట్టును. మిరపను చెఱచు పైముడత పురుగును, నల్లతామరపురుగును ఈ శాఖవే. రెండవ శాఖవానికి ఱంపము లేదు, గొట్టము మాత్రమే యుండును. అవి గ్రుడ్లను పైపైన పెట్టును. ఈ గొట్టపు శాఖలో మిక్కిలి జాతులకు ఆహారము పచ్చని మొక్క కాదు, బూజు. అయినను గొట్టమున్నంత మాత్రమున సాధువని నమ్మరాదు. మిరియపుతీగ ఆకుల అంచులను చుట్టచుట్టి అందు కాపురముండునది కూడ ఈ శాఖదే. కాబట్టి మరిదికి మేము చెప్పగలిగినది, “ఇది నీ తోటను తిన్న పురుగు కాదు” అన్నంతవఱకే. “ఇది మిరప ముట్టదు” అని చెప్పుటకు మఱియొక పరీక్ష కావలసివచ్చెను.

ఆ పరీక్ష మేము చేసితిమి. రెండు ఊరగాయసీసాలు కడిగి ఆరబెట్టి, ఒకదానిలో వేళ్లకు తడిమట్టి పెట్టిన మిరపనారు రెండు మొక్కలు, రెండవదానిలో బూజుపట్టిన కొమ్మముక్క ఉంచి, ఒక్కొక్కదానిలో పండ్రెండేసి పురుగులను విడిచి, మూతికి పలుచని గుడ్డ కట్టితిమి. రెండు సీసాలును నారుమడికి దూరముగా వంటయింటి గూటిలో నుండెను. మరిది ప్రతిపూట వచ్చి చూచెడివాడు. మిరపసీసాలోని పురుగులు ఆకుమీద నిలువక గాజుగోడల వెంబడి తిరిగినవి. నాలుగవనాటికి అవి యెండి అడుగున పడియుండెను. ఆకుమీద ముడతయు లేదు, గీతయు లేదు. కొమ్మసీసాలోనివి సుఖముగా బెరడు క్రిందికి దూరినవి. పదునేను దినములకు అచ్చట కుంకుమరంగు చారలుగల పిల్లపురుగులు కనబడినవి. అంతవఱకు మాట్లాడని మరిది అప్పుడు, “పిల్లల్ని కూడా కన్నాయే!” అని తొలిసారి నవ్వెను.

ఈ బూజుమేపరుల బ్రదుకు మిక్కిలి వింతయైనది. తామరపురుగుల కన్నిటికిని ఎడమదవడ యొక్కటే యుండును. కుడిది గ్రుడ్డులోనే అణగిపోవును. ఆ యొక్క దవడతో రంధ్రము పొడిచి, సన్నని సూదులవంటి రెండు అవయవములు కలిసి ఏర్పడిన గొట్టముతో రసము లాగును. బూజుదారములను పీల్చువానికి ఈ గొట్టము వెండ్రుకకంటె ఎన్నో రెట్లు సన్నము. బూజు గింజలను, అనగా సిద్ధబీజములను, మ్రింగువానికి అది వెడల్పుగా నుండును. అవి గింజలను గింజలుగనే లోనికి పుచ్చుకొనును. ఎండిన తాటిమట్టలమీద అట్లు సిద్ధబీజములు తిని బ్రదుకునది ఒకటి దక్షిణదేశమున కలదు. దానిపేరు టియారోథ్రిప్స్ సుబ్రమణి. మనము పొయ్యిలోనికి విఱిచివేయు మట్టమీద ఒక సంసారమున్నదని ఎవరు తలతురు?

తల్లి గ్రుడ్లు పెట్టును. పిల్ల రెండు దశలు తిని పెరుగును. పిమ్మట తినక త్రాగక దాదాపు కదలక నిద్రించు దశలు వచ్చును. గొట్టపు శాఖవానికి అవి మూడు, తక్కినవానికి రెండు. ఫలదీకరణము కాని గ్రుడ్డునుండి మగది, అయిన గ్రుడ్డునుండి ఆడది పుట్టుట వీనిలో ధర్మము. అమెరికాలో క్రెస్పి యను శాస్త్రజ్ఞుడు బూజుతిను ఒక జాతిని పరిశీలించి, అందలి తల్లి గ్రుడ్లు పెట్టినచో కుమార్తెలును, గ్రుడ్డు పెట్టక పిల్లనే కన్నచో కుమారులును కలుగుదురని 1989లో ప్రకటించెను. కొన్ని జాతులలో తల్లి తన గ్రుడ్లకు కావలి కాయును. మగవి ముందుకాళ్లతో కుమ్ములాడుకొనును.

రెక్కలు ఏల పోయినవి? చచ్చిన కొమ్మమీద బూజు ఉన్నంతకాలము ఆ కుటుంబమునకు వలసపోవలసిన పనిలేదు. రెక్కలు పెంచుకొనుటకు పట్టు సత్తువ గ్రుడ్లకు మిగులును. రెక్కలు లేని యొడలు బెరడుసందులలో సులువుగా దూరును. పెక్కు జాతులలో ఒకే తల్లి పిల్లలలో రెక్కలున్నవియు లేనివియు కలిసి యుండును. రెక్కలున్నవి వేఱొక కొమ్మ వెదకికొని పోవును. లేనివి పుట్టినచోటనే పెరుగును. మఱియొక విశేషము. ఎగురు పురుగునకు తలమీద రెండు పెద్దకన్నులు గాక మూడు చిన్నకన్నులు కూడ నుండును. రెక్కలు లేనివానిలో ఆ చిన్నకన్నులు తఱచుగా ఉండవు, పెద్దకన్నులు కూడ కుదించుకొనిపోవును. ఆకసమునకు ఎగురని దానికి ఆ కన్నులతో పనియేమి?

ఇంతవఱకు తెలిసినపిమ్మట మా చిన్నవాడు అడిగిన ప్రశ్న మమ్ము మఱికొంత దూరము తీసికొనిపోయినది: “దీని పేరేమిటి? పేరు లేకుంటే మనమే పెట్టవచ్చునా?”

మేము అమరకోశము వల్లించి పెరిగినవారము. అందు ఒక్కొక్క వస్తువునకు అరడజను పేరులు. జంతుశాస్త్రము దానికి విపర్యయము: ఒక్కొక్క జాతికి ఒక్కటే పేరు, అందు రెండే మాటలు. ఆ రెండు మాటల వరుస మన తెలుగువారి యింటిపేరు, పేరు వరుసయే. థ్రిప్స్ అనునది ఇంటిపేరు. పార్విస్పైనస్ అనునది సొంతపేరు, చిన్నముండ్లు కలదని అర్థము. ఇంకొక పోలిక కూడ కలదు. ఆస్ట్రియా దేశస్థుడు కార్ని 1922లో ఈ పురుగునకు పేరుపెట్టినప్పుడు దాని యింటిపేరు వేఱు. తరువాతివారు విచారించి థ్రిప్స్ ఇంటికి చేర్చిరి. అట్లు ఇల్లు మాఱినను సొంతపేరు మాఱదు. మొదట పేరుపెట్టిన వాని పేరును కుండలీకరణములలో ఉంచి పుట్టినింటి గుర్తు నిలుపుదురు. మెట్టినింటికి వచ్చిన మనకు ఆపాటి గుర్తైనను ఉంచినవారు అరుదు!

కొత్తజాతి యని ప్రకటించుట నామకరణమంత తేలిక కాదు. మొదట పురుగులను సేకరింపవలెను. ఎండుకొమ్మను తెల్లని పళ్లెరముపై కొట్టుట ఒక మార్గము. ఆకుచెత్తకు బెర్లేసి గరాటు అను సాధనము కలదు. ఇటలీ దేశీయుడు బెర్లేసి కల్పించినది. పైన జల్లెడపై చెత్త, దానిపై దీపము, క్రింద గరాటు, గరాటు క్రింద సారాయిసీసా. వెలుగుకును ఎండకును ఓర్వని పురుగులు క్రిందికి దిగి దిగి సీసాలో పడును. పిమ్మట పురుగును పలుచని క్షారజలమున నానవేసి లోపలి కండను కరగించి, సారాయిలో నీటిని తొలగించి, లవంగతైలమున ముంచి తేటపఱచి, కెనడా బాల్సము అను చెట్టుబంకలో గాజుపలకపై పరచి, పైన అద్దపురేకు మూయుదురు. పంటినొప్పికి మనము దూదితో అద్దు లవంగనూనె ఇంతటి పనికి వచ్చునని మేము ఎఱుగము.

అటుపైన లెక్క మొదలు. మీసములకు కణుపులెన్ని, తలమీది వెండ్రుకలు కంటికంటె పొడవా పొట్టియా, వాని కొనలు వాడియా మొద్దా, వీపురేకుల ఆకారమేమి, గొట్టపు పొడవెంత — అన్నియు కొలిచి, బొమ్మ గీచి, ఇదివఱకు వర్ణింపబడిన దగ్గఱిచుట్టముల నన్నిటితోను సరిచూడవలెను. ఆ జాతికి సాక్షిగా ఒక్క పురుగును ఎన్నుకొని మూలప్రతి యని గుర్తించి, అందఱును చూడదగిన సంగ్రహశాలలో నుంచవలెను. మన దేశమున అట్టి వానిలో పెద్దది 1916లో స్థాపింపబడిన భారత జంతుసర్వేక్షణ సంస్థది, కలకత్తాలో నున్నది. ఒకే జాతికి ఇద్దఱు రెండు పేరులు పెట్టినచో సాధారణముగా ముందుపెట్టిన పేరే నిలుచును.

దక్షిణదేశమున ఈ పనికి దారి తీసినవారు కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో పనిచేసిన టి. వి. రామకృష్ణయ్యరుగారు. ఆయన 1928లో భారతదేశపు తామరపురుగులపై పెద్దగ్రంథము వెలువరించెను. తాటిమట్టల పురుగునకు పేరిడినవారు ఆయనయే. తరువాత మద్రాసు లయోలా కళాశాలలో టి. ఎన్. అనంతకృష్ణన్‌గారు జీవితమంతయు ఈ పురుగులకే ధారపోసి, ముఖ్యముగ బూజుతినువానిని పరిశోధించి, 1969లో భారతీయ తామరపురుగులను గూర్చి గ్రంథము రచించిరి. 2015లో వారు పరమపదించిరి.

పండితులకును ఇందు పొరపాట్లు వచ్చినవి. బూజుతిను జాతులలో ఒకే తల్లికి పుట్టిన మగవానిలో ఒకటి బలిసిన ముందుకాళ్లతో పెద్దదిగను, మఱియొకటి సన్నగా ఆడుదానివలెను ఉండును. చూచినవారు అవి వేఱువేఱు జాతులనుకొని వేఱు పేరులు పెట్టిరి. రెక్కలున్న దానికి ఒక పేరు, లేనిదానికి ఒక పేరు పెట్టినవారును కలరు. ఆకుచెత్తలో నుండు రెక్కలులేని యురోథ్రిప్స్ అను దానిని 1909లో వర్ణించిన ఆంగ్లేయుడు బాగ్నల్ దాని పొట్టమీద తక్కినవానికి లేనన్ని ఊపిరిరంధ్రములున్నవని భ్రమించి, దానికై ప్రత్యేకముగా ఒక పెద్దశాఖనే కల్పించెను. పిమ్మట చూడగా అవి ఊపిరిరంధ్రములు కావు; ఆ శాఖయు నిలువలేదు. అరమిల్లీమీటరు పొట్టమీద ఒక చుక్కను తప్పుగా చదివినందుకు అంత పని జరిగినది. ఇక ముఖమెత్తి చూడకుండ “తామరపురుగే” యని తీర్పుచెప్పు మనబోంట్లను ఎవరు తప్పు పట్టగలరు?

మావారు పది పురుగులను చిన్నసీసాలోని సారాయిలో వేసి, ఈ విద్య తెలిసిన యొక పండితునకు పంపిరి. ఆ సీసాలో అవి కాళ్లు ముడుచుకొనుట చూచి మా మనస్సు చివుక్కుమన్నది. చిన్నతనమున తూనీగలను పుల్లతో గ్రుచ్చినందుకు మాండవ్యుడు శూలమెక్కెనని చదువుకొన్నవారము. తగులబెట్టవలదని వారించి, మేమే పదింటిని చంపితిమే! ఈ మాట మావారితో అనగా ఆయన కొంతసేపు ఊరకుండి, “మాండవ్యుడు ఆటకు గ్రుచ్చెను. ఈ పది పోయినందుకు పోగులోని వేయి బ్రదుకవలెను. అట్లు జరుగకున్న పాపము మనదే” అనిరి. ఆ మాటతో మా సందేహము పూర్తిగా తీరినదని చెప్పలేము. కాని నాటినుండి ఒక్క పురుగును అవసరములేక సీసాలో వేయలేదు.

రెండునెలలకు జాబు వచ్చినది. అవి బూజు తిని బ్రదుకు గొట్టపు శాఖవే యనియు, పంటకు శత్రువులు కావనియు, అన్నియు రెక్కలులేని ఆడువే యగుటచే అది ఇదివఱకు పేరుపడిన జాతియో, కొత్తదో తేల్చుట కష్టమనియు, మగవియు, రెక్కలున్నవి యున్నచో అవియు మరుసటి వానకాలమున పంపుడనియు వ్రాసిరి. మా చిన్నవాడు కొంచెము చిన్నబుచ్చుకొనెను. మాకు మాత్రము ఆ జాబు మిక్కిలి నచ్చినది. తెలియనిదానికి ఆతురపడి పేరు పెట్టకుండుట కూడ పాండిత్యమే.

పోగు కాలలేదు. మిరపనారు ఎదిగి బూర్గంపాడు చేరినది. మరిది ఆ యేడు వారమున కొక మందు చల్లుట మాని, నీలిరంగు జిగురట్టలు కట్టి, వేపనూనె వాడి, పురుగులను తినిపెట్టు అక్షింతలపురుగులను సాలీళ్లను కాపాడుకొనెను. నల్లతామరపురుగు రాకపోలేదు. వచ్చినది, కొంత తిన్నది. అయినను కొంత పంట చేతికందినది. మా గాజులు నాలుగింటిలో రెండు ఇంటికి వచ్చినవి. తక్కిన రెండింటి మాట మేము ఎత్తలేదు, అతడును ఎత్తలేదు. కాని అతని చూపు మా ముంజేతులమీదికి పోవుట మానినది.

సోదరీమణులారా! మిమ్ము పురుగులను పెంపుడు పిల్లులవలె చూడుమని మేము కోరము. వంటయింటికి వచ్చినదానిని వెడలగొట్టవలసినదే. కాని పెరటిమూలను క్రుళ్లుచున్న ఆకును, కొమ్మను అగ్గిపుల్లకు అప్పగించుటకు ముందు ఒకసారి తిరుగవేసి చూడుడు. ఆకును మన్నుగా మార్చు పనిలో బూజు, బూజును తినునది, దానిని తిను చీమ, సాలీడు అందఱును పాలివారే. ఒకరి నేరము మఱియొకరి తలకు చుట్టరాదు. మీ పిల్లల చేతికి ఒక భూతద్దము నిచ్చినచో ఈ విచారణ వారే చేసెదరు.

మరుసటి వానకాలమున మా చిన్నవాడు అదే మామిడికొమ్మనుండి ఏరిన పురుగులలో ముందుకాళ్లు బలిసిన మగది యొకటి దొరకినది. సీసాపై చీటీ తానే వ్రాసి అంటించెను: కొత్తగూడెము, మామిడి ఎండుకొమ్మ, బూజుపై, తేది. పురుగు పేరుండవలసిన చోటు మాత్రము ఖాళీగా విడిచి, ఆ సీసాను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి తపాలాకు తీసికొనిపోయెను.